సగంలో ఆగిన స్వెటర్‌ను ఏం చేయాలి: అల్లడమా, విప్పడమా?

ఊలు అల్లే అలవాటున్న ఇంట్లో అల్మరా కింది అరలో ఒక సంచి ఉండి తీరుతుంది. వెనక భాగం పూర్తయి, ముందు భాగం చంక దాకా వచ్చి ఆగిపోయిన స్వెటర్, రెండు మూడు ఊలు ఉండలు, సూది మీదే వదిలేసిన కుట్లు అందులో ఉంటాయి. ఇందుకు మన వాతావరణం కూడా కొంత కారణమే. కార్తీకంలో ఉత్సాహంగా మొదలుపెట్టిన పని సంక్రాంతి హడావుడిలో పక్కకు పోతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక ఊలు ముట్టుకోబుద్ధి కాదు. మళ్ళీ సంచి తెరిచేసరికి ఏ సూదితో మొదలుపెట్టామో, ఏ వరుసలో ఆపామో గుర్తుండదు.

అలాంటి సంచిని బయటికి తీసి, అందులోని పనిని ఒక కొలిక్కి ఎలా తేవాలో ఇక్కడ వివరిస్తాను. అల్లిక ముందుకు సాగించాలా, కొంత వెనక్కి విప్పాలా, మొత్తం విప్పేసి ఊలును మరొక దానికి వాడాలా అన్నది టేపుతో కొలిచి, తూకం వేసి తేల్చుకోవాలని నా అభిప్రాయం. పడిన శ్రమ మీద మమకారం ఎవరికైనా ఉంటుంది. కానీ ఛాతీ దగ్గర 8 సెంటీమీటర్లు బిగువైన స్వెటర్‌ను ఆ మమకారం వదులు చేయదు.

ముందుగా సంచిలో ఏముందో చూసుకోండి

సంచి తెరవగానే సూదులు చేతిలోకి తీసుకుని ఆపిన చోటి నుంచి అల్లడం మొదలుపెట్టవద్దు. నెలల విరామం తరవాత చేతి బిగువు మారుతుంది. పాత అల్లిక, కొత్త అల్లిక కలిసిన చోట అడ్డంగా ఒక గీత కనబడుతుంది. మొదట సంచిలోని వస్తువులన్నీ వెలుతురులో పరిచి, ఊలు లేబుల్, సూదులు, రాసుకున్న కాగితం ఉన్నాయో లేదో చూడండి. లేబుల్ మీద రంగు నంబరుతోపాటు లాటు నంబరు, అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలుకు ఇచ్చే నంబరు కూడా ఉంటుంది. ఒకే రంగు నంబరున్నా వేర్వేరు లాట్ల ఊలు ఛాయలో తేడా చూపవచ్చు కాబట్టి, అన్ని ఉండల లాటు ఒకటేనా అన్నది ఇప్పుడే తెలుసుకోవాలి. లేబుళ్ళు లేకపోతే ఉండలను పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద ఒకటిగా కనిపించిన రెండు మెరూన్ ఉండలు ఎండ వెలుగులో వేరుగా కనిపించడం మామూలే.

సూది నంబరు దగ్గర చాలామంది తికమక పడతారు. మన దుకాణాల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది పాత బ్రిటిష్ నంబర్ల పద్ధతి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25, 12వ నంబరు 2.75. అమెరికా పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ నంబరు పెరిగితే సూది లావవుతుంది. వారి 6వ నంబరు 4 మిల్లీమీటర్లు, 8వ నంబరు 5 మిల్లీమీటర్లు. డాలస్‌లోని కూతురు పంపిన డిజైన్‌లో 8వ నంబరు అని చదివి, ఇక్కడి 8వ నంబరు సూదితో అల్లిన తల్లికి స్వెటర్ ఒక సైజు చిన్నదిగా, గట్టిగా వస్తుంది. అందువల్ల నంబర్లను పక్కనపెట్టి మిల్లీమీటర్లలో రాసుకోవడం అలవాటు చేసుకోండి. నంబరు చెరిగిపోయిన సూదిని కొలవడానికి రంధ్రాలున్న చిన్న కొలత పలక దొరుకుతుంది. సూది ఏ రంధ్రంలో వదులు లేకుండా దూరితే అదే దాని సైజు.

ఆ ఊలు దేనితో చేసిందో తేల్చుకోండి

లేబుల్ పోయిన ఊలును ఉన్ని అనుకుని కడిగినా, యాక్రిలిక్ అనుకుని ఇస్త్రీ చేసినా నష్టమే. కాల్చి చూసే పరీక్ష ఇందుకు బాగా పనికొస్తుంది. అయిదారు సెంటీమీటర్ల పోగును పట్టకారతో పట్టుకుని, కింద స్టీలు పళ్ళెం, పక్కన నీళ్ళు పెట్టుకుని, కిటికీ తెరిచి, చివరను అగ్గిపుల్లతో అంటించండి. ఉన్ని నెమ్మదిగా కాలుతుంది, జుట్టు కాలిన వాసన వేస్తుంది, మంట తీసేయగానే చాలావరకు తనంతట తానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ కరుగుతూ, నల్లటి పొగతో మండి, చల్లారాక నలపడానికి వీలుకాని గట్టి పూసగా మిగులుతుంది. నూలు కాగితం కాలిన వాసన వేసి, మెత్తని బూడిద రాలుస్తుంది. మిశ్రమాల్లో ఈ లక్షణాలు కలగలిసి కనిపిస్తాయి: జుట్టు కాలిన వాసనా వచ్చి, గట్టి పూసా మిగిలితే అందులో ఉన్ని, యాక్రిలిక్ రెండూ ఉన్నాయని అర్థం చేసుకోవచ్చు. కరిగిన యాక్రిలిక్ బొట్టు చర్మానికి అంటుకుంటే తీవ్రంగా కాలుతుంది కాబట్టి పిల్లలు దగ్గర లేనప్పుడే ఈ పని చేయండి.

అల్లిన ముక్కను కొలవండి

సూది మీద ఉన్నంతసేపు కుట్లు ముడుచుకుని ఉంటాయి, కొలత సరిగా రాదు. మొండి మొన ఉన్న ఊలు సూదిలో పొడవైన నూలు దారం ఎక్కించి, కుట్లన్నిటినీ ఆ దారం మీదికి దించండి. ముక్కను మంచం మీద లాగకుండా పరిచి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు అంచులు వదిలేసి, మధ్యలో 10 సెంటీమీటర్ల వెడల్పుకు గుండుసూదులు గుచ్చి, ఆ మధ్య ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. అర కుట్టు వస్తే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. తరవాత నిలువుగా 10 సెంటీమీటర్లలో ఎన్ని వరుసలున్నాయో చూడండి. డబుల్ నిట్టింగ్ అనే మధ్యరకం మందం ఉన్న ఊలును 4 మిల్లీమీటర్ల సూదితో అల్లితే సాధారణంగా 22 కుట్లు, 28 వరుసలు వస్తాయి.

ఒకటి రెండు కుట్ల తేడాకు ఏమవుతుందిలే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. వెనక భాగానికి 110 కుట్లు ఎక్కించారనుకుందాం. 10 సెంటీమీటర్లకు 22 కుట్ల చొప్పున వస్తే ఆ ముక్క వెడల్పు 50 సెంటీమీటర్లు. ముందూ వెనకా కలిపి చుట్టుకొలత 100. మీ చేయి బిగువై 24 కుట్లు వస్తే వెడల్పు 46 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, చుట్టుకొలత 92కు లోపలే. అంటే 92 సెంటీమీటర్ల ఛాతీ ఉన్నవారికి హాయిగా ఉండాల్సిన స్వెటర్ ఒంటికి అతుక్కుపోతుంది. చొక్కా మీదో చీర జాకెట్టు మీదో వేసుకునే స్వెటర్‌కు ఛాతీ కొలత కన్నా 8 నుంచి 10 సెంటీమీటర్లు అదనంగా ఉండాలి.

ఎవరి కోసం అల్లుతున్నారో వారికి ఇప్పుడు సరిపోతున్న పాత స్వెటర్ ఏదైనా ఇంట్లో ఉంటే అంతకు మించిన కొలత లేదు. దాన్ని పరిచి, చంకకు కొంచెం కింద అడ్డంగా కొలిచి, మీ ముక్కతో పోల్చండి. చంటిపిల్లల స్వెటర్ అయితే ఈ పని తప్పకుండా చేయాలి. నామకరణానికని మొదలుపెట్టింది అన్నప్రాశన దాటాక సంచిలోంచి బయటపడితే, ఆ సైజు ఆ బిడ్డకు ఇక పట్టదు. అది దాదాపు పూర్తయి ఉంటే ముగించి, బంధువుల్లో మరో పసిబిడ్డకు ఇవ్వడం మేలు. సగం కూడా కాకపోతే విప్పేసి, ఏడాది పైబడిన పిల్లల కొలతతో మళ్ళీ మొదలుపెట్టండి. పిల్లలకు ఎప్పుడూ ఒక సైజు పెద్దదే అల్లాలి. పొడవైన చేతులను మడవవచ్చు, పొట్టి చేతులను సాగదీయలేము.

మిగిలిన ఊలును తూచండి

వంటింటి డిజిటల్ త్రాసు లేకుండా ఈ పనికి దిగవద్దని గట్టిగా చెబుతాను. చాలా స్వెటర్లు ఆగిపోయేది ఊలు చాలదేమోనన్న భయంతోనే. ఆ భయం నిజమో కాదో త్రాసు చెప్పేస్తుంది.

పూర్తయిన వెనక భాగాన్ని తూస్తే 140 గ్రాములు వచ్చిందనుకోండి. మెడ దగ్గర కొంత తగ్గుతుంది కాబట్టి ముందు భాగానికి దాదాపు 130 గ్రాములు పడుతుంది. రెండు చేతులకూ కలిపి మొత్తం ఊలులో మూడో వంతు దాకా పోతుంది. ఇక్కడ 150 గ్రాములనుకోవచ్చు. మెడ పట్టీకి, అతుకులకు 20 గ్రాములు ఉంచుకోవాలి. మొత్తం 440 గ్రాములు. మీరు కొన్నది 400 గ్రాములైతే 40 గ్రాములు తక్కువ పడుతుందని ముందు భాగం పూర్తి కాకముందే మీకు తెలిసిపోయింది. ఒక వరుసకు ఎంత ఊలు పోతుందో తెలియాలంటే ఉండను తూచి, 10 వరుసలు అల్లి, మళ్ళీ తూచి పదితో భాగించండి. ఇంటి త్రాసు గ్రాము కన్నా తక్కువ తేడా చూపదు కాబట్టి ఒక్క వరుసకే తూస్తే ఉపయోగం ఉండదు. చివర కుట్లు ముగించేటప్పుడు మాత్రం ఆ వెడల్పుకు కనీసం మూడు రెట్ల పొడవున్న పోగు చేతిలో మిగలాలి.

ఊలు చాలదని తేలితే దారులు చాలానే ఉన్నాయి. అదే రంగు మరో లాటులో దొరికితే, పాత ఉండ అయిపోయాక కొత్తది మొదలుపెట్టకుండా, పాతది ఇంకా ఉండగానే రెండు వరుసలు పాత ఉండతో, రెండు వరుసలు కొత్త ఉండతో మార్చి మార్చి కొంత మేర అల్లండి. ఛాయలో తేడా కలిసిపోతుంది. రంగే దొరకకపోతే చేతుల అంచులు, మెడ పట్టీ వేరే రంగులో వేయవచ్చు. అది చివర్లో సర్దుకున్నట్టుగా కనబడకూడదనుకుంటే కింది పట్టీని కూడా అదే రెండో రంగులోకి మార్చాలి. అందుకు పట్టీకి పైన ఉన్న సాదా వరుసలో ఒక్క కుట్టును కత్తిరించి, ఆ వరుస పోగును నెమ్మదిగా బయటికి లాగి, పై కుట్లను సూది మీదికి తీసుకుని, కొత్త రంగుతో కిందికి అల్లుకుంటూ రావాలి. ఊడివచ్చిన పాత పట్టీలోని ఊలు చేతులకు పనికొస్తుంది.

అన్నిటికన్నా సులువైన దారి చేతులు మానేసి వెస్ట్‌గా ముగించడం. హైదరాబాదులో, విజయవాడలో ఉండేవారికి పూర్తి చేతుల ఉన్ని స్వెటర్ అవసరమయ్యే ఉదయాలు ఏడాదిలో ఎన్నో ఉండవు. లంబసింగిలోనో ఆదిలాబాద్ వైపో ఉంటే ఆ మాట వేరు. మిగతా చోట్ల చేతుల్లేని స్వెటర్‌నే ఎక్కువసార్లు బయటికి తీస్తారు.

విప్పకుండా సరిచేయగల తప్పులు

కుట్టు జారి పది వరుసలు కిందికి దిగిపోయిందని మొత్తం విప్పేసేవారు ఉంటారు. క్రోషా హుక్ ఉంటే ఆ అవసరం లేదు. నరసాపురం లేసు పుణ్యమా అని గోదావరి జిల్లాల ఇళ్ళలో క్రోషా హుక్ కొత్త వస్తువేమీ కాదు. అయితే లేసుకు వాడే సన్నని స్టీలు హుక్ ఊలు పోగును చీల్చేస్తుంది కాబట్టి, 3 లేదా 3.5 మిల్లీమీటర్ల హుక్ తీసుకోండి.

ముక్క మంచి వైపు మీకు కనబడేలా పట్టుకోండి. జారిన కుట్టు పైన, అది వదిలేసిన ప్రతి వరుస పోగూ నిచ్చెన మెట్టులా అడ్డంగా కనిపిస్తుంది. హుక్‌ను ముందు నుంచి కుట్టులోకి దూర్చి, దానికి సరిగ్గా పైనున్న అడ్డపోగును పట్టి, కుట్టులోంచి ముందుకు లాగండి. ఇప్పుడు హుక్ మీద కొత్త కుట్టు ఉంటుంది. తరవాతి పోగును కూడా అలాగే లాగుతూ పై వరకు వచ్చి, చివరి కుట్టును సూది మీద పెట్టండి. ఒక్క మెట్టు దాటేసినా వెనక వైపు వేలాడే పోగు తెలిసిపోతుంది కాబట్టి మధ్యలో ఒకసారి తిప్పి చూడండి. పర్ల్ కుట్టు (అడ్డంగా గడ్డలా కనిపించేది) జారితే ముక్కను తిప్పి పట్టుకుని ఇదే పని చేస్తే సరిపోతుంది, ఎందుకంటే పర్ల్ వెనక వైపు నిట్టే, అంటే V ఆకారంలో కనిపించే సాదా కుట్టే. సరిచేసిన వరసలో కుట్లు కొంచెం బిగువుగానో వదులుగానో కనిపించినా, తొలిసారి కడిగి ఆరబెట్టాక చాలావరకు సర్దుకుంటాయి.

ఈ పద్ధతిని కావాలనే కూడా వాడుకోవచ్చు. ఇరవై వరుసల కింద నిట్ వేయాల్సిన చోట పర్ల్ పడిందనుకోండి. దానికి సరిగ్గా పైనున్న కుట్టును సూది మీంచి దించి, తప్పు దాకా జారనిచ్చి, హుక్‌తో సరిగా పైకి తెచ్చుకోవచ్చు. జడ డిజైన్‌లో మెలిక తప్పు దిశలో పడినా ఆ నాలుగు లేదా ఆరు కుట్లను మాత్రమే ఇలా దించి మళ్ళీ అల్లవచ్చు. ఆ పనికి పెద్ద బల్ల, మంచి వెలుతురు, ఇంట్లో ఎవరూ పిలవని గంటసేపు కావాలి. వెనక భాగంలో, చంక దగ్గర పడిన చిన్న తప్పయితే నన్నడిగితే వదిలేయమంటాను. చేయి దూరం నుంచి చూసి వెతుక్కోవాల్సిన తప్పు వేసుకున్నాక ఎవరికీ కనబడదు.

కొంత భాగం విప్పాల్సి వస్తే

ముందుగా ఏ వరుస దాకా విప్పాలో నిర్ణయించుకుని, ఆ వరుసలో లైఫ్‌లైన్ వేయండి. సన్నగా, నున్నగా ఉండి, ఊలుకు పూర్తిగా వేరే రంగులో ఉన్న నూలు దారాన్ని మొండి సూదికి ఎక్కించి, ఆ వరుసలోని ప్రతి కుట్టు కుడి పాదం (ఉచ్చుకు రెండు పక్కలా ఉండే పోగుల్లో కుడి వైపుది) కిందుగా పోనిస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు తీయాలి. కుట్ల సంఖ్య సరిపోయిందో లేదో లెక్కపెట్టాకే పై భాగాన్ని విప్పండి. విప్పుతున్న పోగు లైఫ్‌లైన్ దగ్గరికి రాగానే ఆగిపోతుంది. నూగు ఎక్కువగా ఉండే మొహైర్ వంటి ఊలు పోగులు ఒకదానికొకటి చిక్కుకుని విడవవు. ముక్కను ప్లాస్టిక్ సంచిలో పెట్టి కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే కొంత సులువవుతుంది. బలంగా లాగితే మాత్రం పోగు తెగుతుంది.

కుట్లను మళ్ళీ ఎక్కించుకోవడానికి అసలు సూది కన్నా ఒకటి రెండు సైజులు సన్నని సూది వాడండి. సూది మీద కూర్చున్న కుట్టు కుడి పాదం మీ వైపు, అంటే సూదికి ముందు, ఉండాలి. ఎడమ పాదం ముందుకు వచ్చిన కుట్టును అలాగే అల్లితే మెలిక పడి, మిగతా వాటి మధ్య బిగుసుకున్న గీతలా తేలుతుంది. తరవాతి వరుసను అసలు సూదితో అల్లుకుంటూ పోతే సన్నని సూది దానంతటదే ఖాళీ అవుతుంది. జడలు, లేసు రంధ్రాలు ఉన్న డిజైన్ అల్లేటప్పుడు డిజైన్ ఒక ఆవృతి పూర్తయిన ప్రతిసారీ ముందుగానే లైఫ్‌లైన్ వేసి ఉంచుకోవడం మంచి అలవాటు.

మొత్తం విప్పి ఊలును దక్కించుకోవడం

అతుకులు వేసిన స్వెటర్ అయితే ముందు అతుకు దారాన్ని చిన్న కత్తెరతో తెంపి ముక్కలను విడదీయాలి. అతుకు అదే ఊలుతో వేసి ఉంటే స్వెటర్ పోగును కోసేసే ప్రమాదం ఎక్కువ. అతుకును రెండు వైపులకు కొంచెం లాగి, మధ్యలో అడ్డంగా కనిపించే పోగునే కత్తిరించండి. తరవాత ఏ చివర కుట్లు ముగించారో వెతికి అక్కడి నుంచి విప్పండి. మొదలుపెట్టిన చివర నుంచి విప్పబోతే ప్రతి కుట్టు దగ్గరా చిక్కే.

పాత రెడీమేడ్ స్వెటర్ల నుంచి ఊలు తీయాలనుకునేవారు మొదట లోపలి పక్క అతుకు చూడాలి. ముక్కల అంచులు చుట్టూ కుట్లు ముగిసినట్టు శుభ్రంగా ఉంటే విప్పవచ్చు. అంచులను కత్తిరించి ఓవర్‌లాక్ చేసి ఉంటే ప్రతి వరుసా అక్కడ తెగిపోయిందని అర్థం. విప్పితే మూరెడు మూరెడు ముక్కలే చేతికొస్తాయి.

విప్పిన పోగును నేరుగా ఉండగా చుట్టవద్దు. కుర్చీ వీపు చుట్టూ వదులుగా చుట్టి చిలప చేసి, వెలిసిపోని తెల్ల నూలు దారంతో నాలుగు చోట్ల కట్టండి. పోగు వంకీలు తిరిగి ఉంటుంది. ఆ వంకీలతోనే మళ్ళీ అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. పైగా తొలిసారి ఉతకగానే వంకీలు సాగి కొలత మారిపోతుంది. అందుకని ఉన్ని చిలపను గోరువెచ్చని నీటిలో కాస్త కుంకుడు రసం గానీ ఘాటు లేని షాంపూ గానీ కలిపి అరగంట నాననివ్వండి. కుంకుడు రసానికి గోధుమ ఛాయ ఉంటుంది కాబట్టి తెల్ల ఊలుకు వాడవద్దు. పిండడం, రుద్దడం, వేడి నీటి నుంచి చన్నీటిలోకి మార్చడం చేయవద్దు. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడికి, సబ్బుకు, రాపిడికి అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటే ఊలు గట్టిపడి అట్ట కడుతుంది, దాన్ని మళ్ళీ విడదీయలేము. నానిన చిలపను అదే వేడి ఉన్న నీటిలో జాడించి, తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో హ్యాంగర్‌కు వేలాడదీయండి. బరువులు కట్టి లాగితే పోగు అప్పటికి నిటారవుతుంది గానీ ఉతికాక మళ్ళీ ముడుచుకుంటుంది. కోస్తాలో వానాకాలమైతే ఫ్యాను కింద ఆరబెట్టాలి, లేదంటే ముక్కిపోయిన వాసన వస్తుంది.

యాక్రిలిక్‌కు ఈ స్నానంతో వంకీలు పూర్తిగా పోవు. ఇస్త్రీ పెట్టె ఆవిరిని కొంత దూరం నుంచి, పోగుకు తగలకుండా కొన్ని క్షణాలు పట్టించవచ్చు. వేడి పెట్టె నేరుగా తగిలితే పోగు చచ్చుబడి, సాగే గుణం పోయి, మెరుపు తేలుతుంది. మిగిలిన కొద్దిపాటి వంకీలు కనబడకూడదంటే సాదా అల్లిక మానేసి గార్టర్, మాస్ వంటి గరుకు అల్లికలను ఎంచుకోండి.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు

కడిగిన ఊలుతో 15 సెంటీమీటర్ల చదరపు నమూనా ముక్క అల్లి, దాన్ని కూడా స్వెటర్‌ను ఉతకబోయే పద్ధతిలోనే ఉతికి, ఆరాక కొలవండి. మెషీన్ వాష్‌కు తగినట్టు తయారుచేసిన సూపర్‌వాష్ ఉన్ని తడిస్తే సాగుతుంది. నూలు తన బరువుకే కిందికి జారుతుంది. ఇవన్నీ ఉతికిన నమూనాలోనే బయటపడతాయి. విదేశంలోని మనవలకు పంపేదైతే ఆ ఇంట్లో బట్టలు మెషీన్‌లో, ఆ పైన డ్రయ్యర్‌లో పడతాయని గుర్తుపెట్టుకోండి. మామూలు ఉన్నితో అల్లింది అందులో ఒక్కసారి తిరిగితే బొమ్మకు సరిపోయేంత అవుతుంది. ఇళ్ళలో హీటర్లు ఉంటాయి కాబట్టి లోపల వేసుకోవడానికి పలచని నూలు మిశ్రమం ఎక్కువ పనికొస్తుంది.

ఈసారి స్వెటర్ చేతులతో మొదలుపెట్టి చూడమంటాను. చేయి చిన్న ముక్క కాబట్టి కొలత తప్పితే విప్పేది తక్కువ. పైగా చేతులకు పోను మిగిలిన ఊలెంతో తూచి తెలుసుకుంటే, ఒంటి పొడవును ఆ మేరకు పెట్టుకోవచ్చు. రెండు చేతులనూ ఒకే పొడవాటి సర్క్యులర్ సూది మీద, రెండు ఉండలతో, పక్కపక్కనే అల్లండి. ఒక చేయి పూర్తయ్యాక రెండోది మొదలుపెట్టడానికి బద్ధకించి ఆగిపోయే స్వెటర్లు కొల్లలు.

చేతుల్లో కుట్లు పెంచడం కష్టమైన లెక్క కాదు. మణికట్టు పట్టీ తరవాత 48 కుట్లున్నాయి, చంక దగ్గర 78 కావాలి. తేడా 30, పెంచే ప్రతి వరుసలో రెండు అంచుల దగ్గరా ఒక్కొక్కటి పెరుగుతుంది కాబట్టి 15 సార్లు పెంచాలి. పట్టీ పైన చేయి పొడవు 42 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లకు 28 వరుసలు అంటే దాదాపు 118 వరుసలు. పై చివర ఎనిమిది వరుసలు పెంచకుండా వదిలితే 110 మిగులుతాయి. 15తో భాగిస్తే ఏడుకు కాస్త ఎక్కువ. ఏడో వరుసకొకసారి పెంచితే ఒకసారి మంచి వైపు, ఒకసారి వెనక వైపు పడుతుంది. దానికి బదులు మొదట ఆరు వరుసలకొకసారి చొప్పున 7 సార్లు, తరవాత ఎనిమిది వరుసలకొకసారి చొప్పున 8 సార్లు పెంచండి. మొత్తం 106 వరుసల్లో పని అయిపోతుంది, ప్రతి పెంపూ మంచి వైపే పడుతుంది.

కొత్త ఉండను వరుస మధ్యలో ముడివేసి కలపవద్దు. అంచు దగ్గర మార్చి, రెండు వైపులా 15 సెంటీమీటర్ల తోకలు వదిలి, చివర్లో అతుకులోకి దూర్చేయండి. ఉండలోనే కంపెనీ వేసిన ముడి తగిలినా అదే పద్ధతి. ఆ ముడిని విప్పి అంచు దాకా వెనక్కి వెళ్ళడం కొంత చిరాకు తెప్పిస్తుంది గానీ, మధ్యలో తేలిన ముడి ఉతుకుల్లో ఊడితే అక్కడ చిల్లే పడుతుంది.

ముగించి దాచడం

ముక్కలను అతకడానికి ముందే తడిపి, తువ్వాలు మీద కావలసిన కొలతకు పరిచి, నీడలో ఆరనిస్తే అంచులు ముడుచుకోకుండా ఉండి అతుకులు సూటిగా వస్తాయి. తడి స్వెటర్‌ను తాడు మీద ఎప్పుడూ వేలాడదీయవద్దు, భుజాల దగ్గర సాగిపోతుంది.

చలి వెళ్ళాక ఉన్నిని దాచేటప్పుడు అసలు శత్రువు చిమ్మట పురుగు. అది తినేది ఉన్నిలోని ప్రోటీన్‌ను; యాక్రిలిక్, నూలు దానికి ఆహారం కావు గానీ, చెమట, తిండి మరకలున్న మిశ్రమాలను మాత్రం వదలదు. కాబట్టి ఒక్క పూట వేసుకున్న స్వెటర్‌నైనా ఉతికి, పూర్తిగా ఆరాకే జిప్ ఉన్న సంచిలో పెట్టండి. వేపాకు వేయడం మనకు ఆనవాయితీ, దానివల్ల చెరుపేమీ లేదు, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. కలరా ఉండలు మూత బిగువైన పెట్టెలోనే పనిచేస్తాయి. వాటిని గుడ్డలో కట్టి, ఊలుకు నేరుగా తగలకుండా, పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి. చంటిపిల్లల బట్టలున్న చోట అసలు వాడకపోవడమే మంచిది. పురుగు పట్టిందన్న అనుమానం ఉన్న ఊలును గాలి చొరబడని సంచిలో కట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పురుగులు, గుడ్లు చస్తాయి.

పని మధ్యలో మళ్ళీ ఆపవలసి వస్తే సూది సైజు మిల్లీమీటర్లలో, కుట్ల సంఖ్య, ఆపిన వరుస, 10 సెంటీమీటర్లకు వచ్చిన కుట్లు, మిగిలిన ఊలు బరువు ఒక చీటీ మీద రాసి, లేబుల్‌తోపాటు సంచిలో పెట్టండి. వరుస మధ్యలో ఆపవద్దు. సూది మీదే వదిలేయకుండా కుట్లను దారం మీదికి దించి ఉంచండి. స్వెటర్ పూర్తయినవారు 20 గ్రాముల ఊలును మిగతా చిల్లర ఉండలతో కలపకుండా విడిగా దాచుకోవాలి. ముందుగా పలచబడేవి మోచేతులు. వాటిని రఫ్ఫు చేయడానికి అదే లాటు ఊలు ఆ రోజున బజారులో దొరకదు.